ఇంటికి పెద్ద కూతురు

(వాక్యభాగము: 2 రాజులు 5:1–4)

అటు తుమ్మలపెంట, మైపాడు మొదలుకొని ఇటు కృష్ణపట్నం, కోట, వాకాడు వరకు మన నెల్లూరు తీరమున ఉన్న సంఘములను, ముఖ్యముగా ఆ సంఘములలోని ఆడపిల్లలను మనస్సులో ఉంచుకొని ఈ వర్తమానము సిద్ధపరచాను. దయచేసి మీ బైబిలు తెరచి, రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము చూడండి.

ఈ అధ్యాయము అనగానే మనకు నయమాను గుర్తుకు వస్తాడు. సిరియా సైన్యాధిపతి, పరాక్రమశాలి, కుష్ఠరోగి. యొర్దానులో ఏడుమారులు మునిగి శుద్ధుడైనవాడు. ఆయన మీద మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఈ రోజు ఆయనను కొంచెం పక్కన ఉంచి, ఆయన ఇంటి వంటగది వైపు చూద్దాం. అక్కడ ఒక చిన్నది ఉన్నది. సిరియా దండులు ఇశ్రాయేలు దేశము మీద పడి ఎత్తుకొని వచ్చిన పిల్ల. నయమాను భార్యకు పరిచారము చేయుచున్నది. ఆ పిల్ల పేరు వాక్యములో లేదు. తండ్రి ఎవరో లేదు, ఊరు ఏదో లేదు. ఆమె పలికిన మాట ఒక్కటే ఉన్నది: నా యజమానుడు షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళ్తే బాగుపడునే అని. అంతే.

ఆలోచన చేయండి. తన ఊరిని దోచిన సైన్యానికి అధిపతి ఎవరు? ఆ ఇంటి యజమానుడే. ఆయన ఒళ్లు కుళ్లిపోతుంటే, తగిన శాస్తి జరిగిందని ఆ పిల్ల అనుకుంటే మనం తప్పు పట్టగలమా? కాని ఆమె నోట బాగుపడునే అన్న మాట వచ్చింది. కత్తి వలన ఇల్లు పోగొట్టుకున్న పిల్ల కత్తి పట్టినవాని స్వస్థత కోరింది.

పరదేశమునకు వెళ్లిన మరియొక ఆడపిల్లను గూర్చి నేడు మీతో చెప్పాలని ఉన్నది. ఆమెను ఎవరూ చెరపట్టి తీసుకొని పోలేదు. ఎనిమిదేళ్ల వయస్సులో తల్లిదండ్రుల వెంట ఓడ ఎక్కింది. ఆమె పేరు కతరీనా షెల్లెన్‌బర్గ్. 1870 నవంబరు 28న దక్షిణ రష్యాలో మొలోచ్నా అనే ప్రాంతములో టీగర్‌వైడె అనే పల్లెలో పుట్టింది. మన తెలుగు నేలలో, శంషాబాదులో, 1945 జనవరి 1న కన్నుమూసింది. ఈ రెండు తేదీల మధ్య మూడు ఖండములు ఉన్నవి.

ఆమె కుటుంబము మెన్నోనైట్ కుటుంబము. మన తీరమున ఈ పేరు విననివారు చాలామంది ఉంటారు గనుక రెండు మాటలు చెప్తాను. మెన్నో సైమన్స్ అనే ఒక కథోలిక్ యాజకుడు హాలండు దేశమున ఫ్రీస్‌లాండ్ ప్రాంతమువాడు. 1536లో ఆ యాజకత్వము విడిచిపెట్టి, విశ్వసించిన పిమ్మటనే బాప్తిస్మము అని బోధించేవారితో కలిశాడు. వారిని జనులు మెన్నోనైట్లు అన్నారు. బాప్తిస్మము విషయములో వీరు మన బాప్టిస్టువారికి దగ్గరివారే. అయితే వీరిలో మరొక పట్టుదల ఉన్నది. శత్రువులను ప్రేమించమని కొండమీద ప్రభువు చెప్పిన బోధను ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నారు. కత్తి పట్టము, సైన్యములో చేరము అన్నారు. ఈ ఒక్క మాట కొరకు వీరు దేశము వెంబడి దేశము మారారు. హాలండు నుండి పోలండులోని విస్తులా నది లంకలకు, అక్కడ నుండి రష్యాకు. రష్యా మహారాణి కేథరిన్ 1763లో పరదేశులను పిలిచి భూములిస్తానన్నది. మెన్నోనైట్లకు సైనిక సేవ నుండి మినహాయింపు కూడా దొరికింది. 1804 మొదలుకొని మొలోచ్నా నది ఒడ్డున వారి పల్లెలు వెలిశాయి. 1860లో వారిలోనే ఒక ఉజ్జీవము కలిగి మెన్నోనైట్ బ్రదరెన్ అనే సంఘము పుట్టింది. కతరీనా తండ్రి అబ్రాహాము షెల్లెన్‌బర్గ్ ఆ సంఘమున పెద్ద.

1874లో రష్యా ప్రభుత్వము అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేస్తూ చట్టము తెచ్చింది. మెన్నోనైట్లకు తుపాకికి బదులు అడవుల్లో పని ఇస్తామని తరువాత రాజీ మాట వచ్చింది. కొందరు ఒప్పుకొని ఉండిపోయారు. కొందరి మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఆ సంవత్సరము మొదలుకొని పది సంవత్సరములలో సుమారు 18,000 మంది ఇళ్లు, పొలములు అమ్ముకొని అమెరికా, కెనడాలకు బయలుదేరారు. షెల్లెన్‌బర్గ్ కుటుంబము 1879లో వెళ్లింది. కాన్సాస్ రాష్ట్రములో బూలర్ అనే ఊరి దగ్గర స్థిరపడింది.

ఇక్కడ ఒక మాట. మన తీరము నుండి కూడా జనము పరదేశము పోతున్నారు. కువైటుకు, దుబాయికి, మస్కటుకు. చదువుకున్నవారు అమెరికాకు. ఎందుకు పోతున్నాం అంటే అప్పు తీర్చుకోవడానికి, ఇల్లు కట్టుకోవడానికి, పిల్ల పెళ్లి చేయడానికి. అది పాపమని నేను చెప్పడం లేదు. యాకోబు కుమారులు ధాన్యము కొరకే ఐగుప్తు వెళ్లారు. కాని ఈ కుటుంబము పండుతున్న పొలము విడిచి పోయింది. మా కొడుకులు మరొకని కొడుకును చంపరాదు అని వెళ్లారు. ఆ మొలోచ్నా ప్రాంతము నేడు ఉక్రెయిన్ దేశములో ఉన్నది. ఆగిపోయినవారి బిడ్డలు 1917 విప్లవము తరువాత దోపిడీలు, హత్యలు, కరవు అన్నీ చూశారు. 2022లో మొదలైన యుద్ధములో మరల అదే నేల మీద గుండ్లు పడ్డాయి.

కాన్సాసుకు వద్దాం. గడ్డి మైదానము. రష్యా నుండి మెన్నోనైట్లు తెచ్చిన ఎర్ర గోధుమ విత్తనము ఆ నేలకు సరిపడింది. చరిత్ర పుస్తకాలలో ఈ గోధుమను గూర్చి చాలా వ్రాశారు. ఆ గోధుమ పిండి ఎవరు పిసికారో, రొట్టె ఎవరు కాల్చారో తక్కువ వ్రాశారు.

అబ్రాహాము షెల్లెన్‌బర్గ్ అక్కడ కూడా సంఘ పెద్ద అయ్యాడు. సంఘముల నడిపింపులో ముందు వరుసలో నిలిచిన దైవజనుడు. అటువంటి సేవకుని ఇల్లు ఎలా ఉంటుందో పాస్టర్ల కుటుంబాలకు చెప్పనక్కర లేదు. వచ్చేపోయేవారు ఎక్కువ, ఇంటాయన ఇంట ఉండేది తక్కువ. పిల్లలు ఇంకా చిన్నవారై ఉండగానే తల్లి చనిపోయింది. తండ్రి మరల వివాహము చేసుకున్నాడు. ఇంకా పిల్లలు పుట్టారు. ఇల్లు చాలా పెద్దదైంది. ఆ ఇంటికి పెద్ద కూతురు కతరీనా.

పెద్ద కూతురు! ఈ మాటలో ఎంత బరువు ఉన్నదో మన ఇళ్లలో తెలియనిది ఎవరికి? తల్లి లేని ఇంట పెద్ద కూతురే తల్లి. చంటివానికి స్నానము, బడికి పోయేవానికి జడ, జ్వరము వచ్చినవానికి రాత్రి జాగరణ. పెద్ద పిల్లవాడు పొలము పోతే కూలిడబ్బు కనపడుతుంది. పెద్ద పిల్ల చేసేదానికి లెక్క లేదు. నైలు నది ఒడ్డున తల్లి జమ్ము పెట్టెలో పెట్టిన తమ్ముణ్ణి దూరాన నిలిచి కాపలా కాసిన మిర్యామును చూడండి. నిర్గమకాండములో ఆ దినమున ఆమెకు పేరు కూడా వ్రాయలేదు. వాని అక్క అన్నంతవరకే. ఆ అక్క కన్ను కాస్త మరలి ఉంటే మోషే లేడు.

కతరీనా ఆ ఇంటిని మోసింది. పెళ్లి చేసుకోలేదు. యౌవనము గడిచిపోయింది. మన ఊళ్లలో అయితే ఇక దాని బ్రతుకు అంతే అనే వయస్సు వచ్చింది. అప్పుడు ఆమె పుస్తకము పట్టింది. కాన్సాస్ సిటీలో వైద్యవిద్య చదివి 1907లో డాక్టరు అయింది. అప్పటికి ఆమెకు 36 సంవత్సరాలు. ఆ కాలములో మెన్నోనైట్లలో స్త్రీ డాక్టరు కావడము అనేదే లేదు. వారిలో మొదటి స్త్రీ వైద్యురాలు ఈమే అని చెప్తారు. అదే సంవత్సరము ఇండియాకు బయలుదేరింది.

ఇండియాలో ఎక్కడికి? మన దగ్గరకే అనాలి. నెల్లూరు విశ్వాసులు ఈ భాగము జాగ్రత్తగా వినండి. 1840లో శామ్యూల్ డే దొరవారు నెల్లూరులో సువార్త పని ప్రారంభించారు. ఫలము కానరాక, మూసివేద్దామా అని అమెరికాలో మాటిమాటికి చర్చ జరిగిన మిషను అది. ఒంటరి నక్షత్రము అనే పేరు అందుకే వచ్చింది. 1872లో ఇదే తీరమున రామాయపట్నములో సేవకుల కొరకు సెమినరీ పెట్టారు. నెల్లూరులో పుట్టిన ఆ తెలుగు మిషనుతోనే రష్యా మెన్నోనైట్లు కలిశారు. 1889లో అబ్రాహాము ఫ్రీజెన్, ఆయన భార్య మరియ రష్యా నుండి వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల కింద నల్లగొండలో పని పట్టారు. పదేళ్ల తరువాత, 1899లో, అమెరికాకు వలసపోయిన మెన్నోనైట్ బ్రదరెన్‌వారు కూడా నైజాము రాజ్యములో తమ సొంత పని ఆరంభించారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, మహబూబ్‌నగర్ ప్రాంతములలో నేడున్న ఆ సంఘములు అలా కట్టబడినవి. లక్షకు పైగా విశ్వాసులున్న సంఘము అది. మన ఇంటికీ ఆ ఇంటికీ మధ్య గోడ ఒకటే.

ఆ పనిలోనికి కతరీనా డాక్టరుగా వచ్చింది. హైదరాబాదులో మలక్‌పేట పక్కన హ్యూస్‌టౌన్ అనే చోట, నాగర్‌కర్నూలులో, చివరకు శంషాబాదులో పని చేసింది. ఆ దినములలో మన స్త్రీల పరిస్థితి ఏమిటి? ఘోషా పాటించే ఇళ్లలో మగ డాక్టరు గుమ్మము దాటరాదు. మాల మాదిగ పల్లెలలోనైతే గుమ్మము దాటడానికి డాక్టరే లేడు. బిడ్డ అడ్డము తిరిగితే మంత్రసాని చేతులెత్తేసేది. తల్లి పోయిందా, బిడ్డ పోయిందా, ఇద్దరూ పోయారా అన్నదే మిగిలేది. అటువంటి చోటికి ఆడ డాక్టరు వచ్చింది. పై ఇంటి బేగము, పల్లెలోని కూలిమనిషి ఇద్దరూ నాడి చూపించగలిగిన మనిషి. కరెంటు దీపము లేదు, పెద్ద యంత్రము లేదు. దూరపు ఊరికి ఎడ్లబండే దిక్కు.

తల్లి లేని పిల్లలను పెంచిన చేతులు గనుక ఆమెకు ప్రసవ నొప్పుల దగ్గర ఎలా కూర్చోవాలో కాలేజీ కన్నా ముందే తెలిసి ఉంటుందని నేను అనుకుంటాను. ఇది నా తలంపు మాత్రమే. కాని ఇంట్లో చేసిన ఊడిగము వ్యర్థము కాదు అనడానికి ఇంతకన్న ఏమి కావాలి?

1928 నుండి శంషాబాదు ఆస్పత్రి ఆమె చేతిలో ఉన్నది. చనిపోయేవరకు అదే ఆమె ఇల్లు. వయస్సు 74 దాటింది. ఇండియాకు వచ్చి 37 సంవత్సరాలు దాటింది. రష్యా కాదు, కాన్సాసు కాదు, ఈ తెలుగు నేలయే ఆమె దేహమును తీసుకున్నది. 2008లో ఆ శంషాబాదులోనే పెద్ద విమానాశ్రయము తెరిచారు. మన పిల్లలు కువైటుకు ఎక్కేది, అమెరికాకు ఎక్కేది అనేకసార్లు అక్కడే. ఈసారి మీరు బిడ్డను సాగనంపుటకు అక్కడికి వెళ్లినప్పుడు జ్ఞాపకము చేసుకోండి. ఎనిమిదేళ్లకు పరదేశి అయి, ఆపైన పరదేశుల రోగములు కడిగిన ఒక స్త్రీ ఆ ఊరిలో పని చేసింది.

అయితే ఆమె ఒంటిచేతితో అంతా చేసినట్టు మనం చెప్పకూడదు. మిషనరీ చరిత్రలు అలా చెప్పే అలవాటు ఉన్నది. అది నాకు నచ్చదు. దొరసాని పేరు మిగిలింది గాని, ఆమె పక్కన నిలిచి రోగి భాషను ఆమెకు తెలియజెప్పిన తెలుగు స్త్రీల సంగతి ఏమిటి? కట్టు కట్టినవారు, నీళ్లు కాచినవారు, బైబిల్ ఉమెన్ అని మన సంఘములు పిలుచుకున్న తల్లులు. నయమాను ఇంటి చిన్నదానివలె వారికి కూడా పుస్తకములో పేరు లేదు. ఆమెకు పల్లె వీధులు తెరిచినది వారే.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. నేను ఈ పేరును తడవుకొని వచ్చింది దీని కొరకే.

సముద్రము పక్క ఊళ్లకు కూడికలకు వెళ్లినప్పుడు నేను తరచుగా చూసేది ఏమిటంటే, తల్లి కువైటులో ఖద్దామా పనికి పోయి ఉంటుంది. తండ్రి వేటకో, రొయ్యల గుంట కాపలాకో పోతాడు. ఇంటి దగ్గర పదిహేనేళ్ల పిల్ల ఉంటుంది. పదవ తరగతిలో ఆగిపోయి ఉంటుంది. చెల్లికి, తమ్ముడికి వండేది ఆ పిల్ల. ముసలమ్మకు మందు వేసేది ఆ పిల్ల. ప్రార్థనకు వచ్చిన నాకు టీ తెచ్చేది కూడా ఆ పిల్లే. ఏమ్మా, చదువు ఎందుకు మానినావు అని అడిగితే ఆ పిల్ల నేల చూస్తుంది. పక్కన నాయనమ్మ జవాబు చెప్తుంది: "ఇంటికాడ ఎవురుండారు అయ్యగారూ? పెద్దది గదా, అది ఉండాల్సిందే."

సహోదరులారా, ఆ ముసలమ్మ అబద్ధము చెప్పలేదు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందే. కాని ఎవరు అన్నప్పుడల్లా ఒకే పిల్ల మీద చీటీ ఎందుకు పడుతున్నది? తమ్ముడు ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పినా మూడోసారి ఫీజు కడతాం. అక్క మొదటిసారే పాసయినా పుస్తకాలు అటక మీద పెడతాం. ఇంకొక సంగతి. పెళ్లి ఆలస్యమైన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, సంఘములో మనం ఆమెను పలకరించే తీరు చూడండి. ఇంకా ఏ సంబంధము రాలేదా అమ్మా అంటాం. ప్రతి ఆదివారము అదే మాట. ప్రార్థన అంశములలో ఆమె పేరు సమస్యల వరుసలో చదువుతాం. అదే నోటితో మిషనరీ స్త్రీలను స్తుతిస్తాం. కతరీనా పెళ్లి చేసుకోలేదు. ఆమెను మహా భక్తురాలు అంటాం. మన సంఘములోని సహోదరి పెళ్లి చేసుకోలేదు. ఆమెను భారము అంటాం. ఇది న్యాయమా?

తండ్రులారా, మీకు ఒక మాట. అబ్రాహాము షెల్లెన్‌బర్గ్ పేరు ఆ సంఘముల చరిత్రలో ఉన్నది. ఆయన చేసిన గొప్ప సేవ ఏది అని నన్ను అడిగితే, ఎన్ని ప్రసంగాలు చేశాడో నేను లెక్కపెట్టను. అంత పెద్ద ఇంటికి ఆసరాగా ఉన్న పెద్ద కూతురు చదువుకొని సముద్రము దాటి పోయింది. ఆయన ఇంటిలో ఆ తలుపు మూయబడలేదు. మీ ఇంటిలో ఆ తలుపు తెరిచి ఉన్నదా? ఓపెన్ స్కూలు ఉన్నది, నర్సింగు ఉన్నది, దూరవిద్య ఉన్నది. ఇరవై అయిదేళ్లు వచ్చాయి, ఇంక చదువు ఏమిటి అనకండి. ముప్పది ఆరేళ్లకు డాక్టరు అయిన మనిషి సంగతి ఇప్పుడే విన్నారు.

సంఘ పెద్దలారా, మీకు కూడా. క్రిస్మస్ దీపాలకు, మైకు సెట్లకు మనం చేసే ఖర్చు నాకు తెలుసు. వద్దనను. తల్లి కువైటులో ఉన్న ఇంటికి సాయంత్రము రెండు గంటలు వెళ్లి ముసలమ్మ దగ్గర కూర్చోగల విధవరాండ్రు, స్త్రీల సమాజము సహోదరీలు మన మధ్య లేరా? ఆ రెండు గంటలు ఒక పిల్లకు ట్యూషను అవుతుంది. దీనికి చందా అక్కర లేదు.

ఇక, తల్లీ, నీతో. అంట్లు తోముతూ ఈ రేడియో వింటున్న పెద్ద కూతురా, లేక చిన్నవాళ్లు నిద్రపోయాక ఈ పేజీ చదువుకుంటున్న చెల్లీ. నీవు చేయుచున్న పని దేవుని యెదుట చిన్నది కాదు. కాని అది నీకున్న ఒకే పని అని కూడా ఎవరినీ చెప్పనీయకు. నయమాను ఇంటిలో ఆ చిన్నదానికి ఇల్లు లేదు, తల్లి లేదు, జీతము లేదు. అయినా తనకు తెలిసినది నోరు తెరిచి చెప్పింది. ఆ ఇంటి పెద్దలు విన్నారు. ఒక దాసిపిల్ల మాట మీద సైన్యాధిపతి గుఱ్ఱములు కట్టించి బయలుదేరాడు! నీకు ఏమి కావాలో నీవు నోరు తెరిచి మీ నాయనకు చెప్పు. ఆయన వినకపోతే మీ పాస్టరు అయ్యగారికి చెప్పు. అయ్యగారి భార్యకు చెప్పు. వినవలసిన బాధ్యత మా మీద ఉన్నది.

ఆ అధ్యాయము చివరి వరకు చదివితే నయమాను శుద్ధుడై ఇంటికి మరలినట్లు చూస్తాం. ఆ చిన్నది తన ఇంటికి మరలినట్లు వ్రాయబడలేదు. ఎన్నిసార్లు చదివినా ఆ చోట నా మనస్సు ఆగిపోతుంది. నయమాను రెండు కంచరగాడిదలు మోయునంత మన్ను తీసుకొని వెళ్లాడు, ఇశ్రాయేలు దేవుని ఆరాధించడానికి. ఆ మన్ను తన ఊరిదే అని ఆ పిల్ల గుర్తుపట్టి ఉంటుందా?

ప్రార్థన చేద్దాం. పరదేశులను కాపాడు తండ్రీ, నేడు కువైటులో, మస్కటులో మా తల్లులు, అక్కలు ఎవరి వంటగదిలో నిలిచి ఉన్నారో నీకు తెలియును. వారిని క్షేమముగా ఉంచుము. వారి ఇళ్లను ఇక్కడ మోయుచున్న బిడ్డలను చూడుము. వారిని ఆపిన మా చేతులను తీసివేయుము. పేరు వ్రాయబడని వారి పేర్లు ఎరిగిన ప్రభువు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.